పక్షికి ఇల్లు కట్టిన దీవులు

ప్రకృతిని కాపాడాలంటే మనిషి పక్కకు తప్పుకుంటే చాలన్న నమ్మకం మన కాలంలో బాగా బలపడింది. చుట్టూ కంచె వేసి, ఊళ్లను ఖాళీ చేయించి, పక్షులనూ జంతువులనూ వాటి మానాన వదిలేస్తే అంతా సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. అడవులను అడ్డగోలుగా నరికిన చోట, జంతువులను తెగ వేటాడిన చోట అది నిజమే. కానీ అన్ని చోట్లా అదే మందు పనిచేయదు. అందుకు గట్టి సాక్ష్యం నార్వే తీరంలోని వేగా దీవులు. అక్కడ ఒక అడవి బాతు వందల ఏళ్ల పాటు మనుషుల పంచనే గుడ్లు పెట్టి, వాళ్ల కాపలాలో పిల్లలను లేపింది. బదులుగా వాళ్లకు తన గూటిలోని మెత్తటి నూగు ఇచ్చింది. 20వ శతాబ్దం రెండో సగంలో మనుషులు చిన్న దీవులను వదిలి వెళ్లిపోయారు. బాతులు హాయిగా పెరగాల్సింది, కానీ తగ్గిపోయాయి. ప్రకృతి అని మనం పిలిచేదానిలో కొంత భాగం మనిషి శ్రమతోనే నిలబడి ఉంటుందనీ, ఆ శ్రమ ఆగిన రోజున అదీ కరిగిపోతుందనీ ఈ దీవుల భూగోళం, చరిత్ర రెండూ చెబుతున్నాయి.

వేగా దీవులు నార్వే నడిమి తీరాన, నోర్లాండ్ ప్రాంతపు దక్షిణ భాగంలో, బ్రొన్నోయ్‌సుండ్ పట్టణానికి ఎదురుగా సముద్రంలో ఉన్నాయి. ఆర్కిటిక్ వలయం ఇక్కడికి ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరమే. పెద్ద దీవి పేరే వేగా. దాని వైశాల్యం సుమారు 160 చదరపు కిలోమీటర్లు. నైరుతి వైపున సుమారు 800 మీటర్ల ఎత్తున కొండలు నిటారుగా లేచి ఉంటాయి. మిగతాదంతా పల్లం, పచ్చిక, చిత్తడి నేల. జనాభా 1,200 దాకా ఉంటుంది. దాని చుట్టూ సముద్రంలో చిన్నా పెద్దా కలిపి సుమారు 6,500 దీవులూ రాతి తిన్నెలూ చెల్లాచెదురుగా పరుచుకున్నాయి. వాటిలో చాలావాటి మీద చెట్టన్నది ఉండదు. కొన్ని పెద్ద ఆటుపోట్లకు సగం మునిగిపోతాయి. 2004లో చైనాలోని సుజౌలో జరిగిన సమావేశంలో యునెస్కో ఈ ద్వీపసమూహాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అలా చేర్చిన ప్రాంతం మొత్తం 1,037 చదరపు కిలోమీటర్లయితే, అందులో నేల 69 చదరపు కిలోమీటర్లే; పెద్ద దీవిలో సగానికి పైగా ఆ హద్దుకు బయటే ఉంది. అంటే నూటికి 93 పాళ్లు నీళ్లు. ఇంత తక్కువ నేల మీద, ఇంత ఉత్తరాన, గాలివానల ముఖాన మనుషులు ఎందుకు కాపురం పెట్టారన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు నీళ్ల కిందే ఉంది.

నార్వే తీరమనగానే నిట్టనిలువు కొండల మధ్య లోతుగా చొచ్చుకొచ్చిన ఫియర్డులు గుర్తుకొస్తాయి. ఆ తీరానికి ఇంకో ముఖం కూడా ఉంది. కొండల పాదాల దగ్గర మొదలై సముద్రంలోకి పరుచుకున్న చదునైన రాతి మెట్ట అది. కొంత భాగం నీటి పైన, ఎక్కువ భాగం నీటి కింద ఉంటుంది. భూగర్భ శాస్త్రవేత్త హాన్స్ రాయిష్ 1894లో దీన్ని ప్రత్యేక భూస్వరూపంగా గుర్తించి స్ట్రాండ్‌ఫ్లాట్ అని పేరు పెట్టాడు. ధ్రువ యాత్రికుడు ఫ్రిట్‌యోఫ్ నాన్సెన్ కూడా దీని పుట్టుక మీద 1922లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అలలు కోసేశాయా, మంచు చెక్కిందా, గడ్డకట్టి కరిగే నీరు రాతిని పిండి చేసిందా, లేక హిమయుగాలకు చాలా ముందే రాయి లోపల పుచ్చిపోయి ఉందా అన్న చర్చ శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఈ మెట్ట విశాలంగా పరుచుకున్న చోట్లలో వేగా ఉన్న హెల్గెలాండ్ తీరం ఒకటి. లోతు తక్కువ కాబట్టి ఎండ అడుగుదాకా దిగుతుంది, సముద్రపు నాచు వనాల్లా పెరుగుతుంది. ఆ నాచులో ఆల్చిప్పలు, పీతలు, చేప పిల్లలు బతుకుతాయి. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల ఇంత ఉత్తరాన ఉన్నా ఇక్కడి సముద్రం చలికాలంలో గడ్డకట్టదు. నేల మీద పంట తక్కువైనా నీటిలో తిండి పుష్కలం. అక్కడికి బాతునూ మనిషినీ రప్పించినది ఆ తిండే.

మనిషి రావడం కూడా నిన్నటి మాట కాదు. హిమయుగం చివర మంచు కరుగుతుండగానే, అంటే సుమారు 10,000 ఏళ్ల కిందటే ఇక్కడికి వేటగాళ్లు పడవల మీద చేరుకున్నారు. అప్పట్లో కిలోమీటర్ల మందాన ఉన్న మంచు బరువుకు నేల కుంగి ఉండేది. బరువు తొలగాక నేల మెల్లగా పైకి లేచింది. అందుకే ఆనాడు నీటి ఒడ్డున వేసిన రాతియుగపు మకాములు ఈనాడు సముద్రానికి పదుల మీటర్ల ఎత్తున, కొండవాలు మీద దొరుకుతున్నాయి. ఒకనాటి కొన్ని చిన్న కొండకొనలే నేల లేచాక ఇప్పటి పెద్ద దీవి అయ్యాయి. ఆ తర్వాతి కాలంలో ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు చేపల వేటనూ సేద్యాన్నీ కలిపి బతికాయి. మగవాళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరాన లోఫోటెన్ దీవులకు పడవల్లో వెళ్లేవారు. గుడ్లు పెట్టడానికి బారెంట్స్ సముద్రం నుంచి గుంపులుగా దిగివచ్చే కాడ్ చేపలను పట్టేవారు. ఇంటి దగ్గర ఆడవాళ్లు ఆవులనూ గొర్రెలనూ మేపి, గడ్డి కోసి, పిల్లలను సాకేవారు. ఒక్క పని మీద ఆధారపడితే ఏ ఏడైనా ఆకలి తప్పదు. అందుకే చేప, పాలు, ఉన్ని, గుడ్లు, నూగు ఇలా ఎన్నో చిన్న ఆదాయాలను పేనుకుని ఒక సంసారం నడిపారు. ఈ దీవులకు ప్రత్యేకతను తెచ్చినది ఆ చివరిదైన నూగు.

ఆ నూగు ఇచ్చే పక్షి ఈడర్ బాతు. ఐరోపాలోని బాతుల్లో ఇదే పెద్దది. రెండు కిలోల దాకా తూగుతుంది. మగది నలుపు తెలుపుల్లో మెరుస్తూ ఉంటే, ఆడది ఎండిన నాచులో కలిసిపోయే గోధుమ రంగులో ఉంటుంది. ఏడాదంతా సముద్రం మీదే గడిపి, వసంతంలో మాత్రం గుడ్ల కోసం ఒడ్డుకు వస్తుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. రొమ్ము మీది నూగుతో గూటిని పరుస్తుంది. పొదగడం మొదలయ్యాక మగది వెళ్లిపోతుంది. ఆడది 25 రోజులకు పైగా దాదాపు తిండి లేకుండా గూటిని అంటిపెట్టుకుని కూర్చుంటుంది. పిల్లలు బయటికి వచ్చేసరికి ఒంటి బరువులో మూడో వంతు దాకా పోతుంది. ఎప్పుడైనా లేవాల్సి వస్తే ఆ నూగునే గుడ్ల మీద కప్పి వెళ్తుంది. ఈ నూగు పోగులకు సన్నని కొక్కేల్లాంటి అంచులుంటాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుని గాలిని లోపల బిగించి ఉంచుతాయి. అంత తేలికగా ఉండి అంత వెచ్చదనం ఇచ్చే వస్తువు ప్రకృతిలో అరుదు. పక్షికి మాత్రం ఈ నెల రోజులే ప్రాణగండం. నేల మీద కదలకుండా కూర్చున్న తల్లికీ గుడ్లకీ గద్ద, కాకి, గల్ పక్షులు, నీటికుక్క అన్నీ శత్రువులే.

వేగా మనుషులు చేసిన పనల్లా ఆ నెల రోజుల గండాన్ని దాటించడం. చలికాలం పోతుండగానే ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును ఏరి ఎండబెట్టేవారు. రాళ్లతో, కొట్టుకొచ్చిన కలపతో చిన్న చిన్న గూళ్లు కట్టేవారు. పాత పడవను బోర్లించి దాని కింద వరసగా అరలు చేసేవారు. కొందరు తమ ఇంటి మెట్ల కిందా గోడల వెంటా కూడా చోటు చూపేవారు. ప్రతి అరలో ఎండు నాచు మెత్తగా పరిచి, గాలికి ఎదురు కాకుండా ద్వారం తిప్పేవారు. బాతులు ఒడ్డెక్కే రోజులు వచ్చాయంటే దీవి మీద చప్పుడు తగ్గిపోయేది. కుక్కలను కట్టేసేవారు, కొత్తవాళ్లను దిగనిచ్చేవారు కాదు. రోజూ అదే మనిషి, అదే దారిలో, అదే నడకతో గూళ్లను చూసి వచ్చేది. కాకులనూ గద్దలనూ తరిమేది. ఏటా అదే చోటికి తిరిగి వచ్చే అలవాటున్న ఈ పక్షి, 20 ఏళ్లకు పైగా కూడా బతకగలదు కాబట్టి, ఆ మనిషినీ ఆ ఇంటినీ ఎరిగి ఉండేది. పిల్లలు పుట్టి తల్లి వెంట సముద్రంలోకి దిగిపోయాకే గూట్లో మిగిలిన నూగును తీసేవారు. తీయడం ఒక పని, శుభ్రం చేయడం అంతకు మించిన పని. నూగును ఎండబెట్టి, నాచు పుల్లలు చేతితో ఏరి, తంత్రులు బిగించిన చెక్క చట్రం మీద గీరుతూ గీరుతూ చెత్త రాలగొట్టేవారు. శుభ్రమైన ఒక కిలో నూగుకు 60 నుంచి 70 గూళ్లు కావాలి. అంటే ఒక తల్లి గూటి నుంచి చేతికి దక్కేది 15 గ్రాములు. ఒక రజాయికి సుమారు ఒక కిలో పడుతుంది. ఆ రజాయి వెనుక 60 మంది తల్లుల కాపురాలూ ఒక ఇల్లాలి ఏడాది కష్టమూ ఉంటాయి.

ఈ సరుకుకు గిరాకీ పాతదే. 9వ శతాబ్దం చివర ఒట్టార్ అనే ఉత్తర నార్వే పెద్ద రైతు ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ రాజు ఎదుట తన దేశపు సంగతులు చెప్పాడు. ఉత్తరాది మూలవాసులైన సామి ప్రజలు తనలాంటి నార్వే వాళ్లకు కట్టే కప్పంలో జంతు చర్మాలు, ఓడ తాళ్లతో పాటు పక్షి ఈకలు కూడా ఉండేవని అన్నాడు. అతను చెప్పిన హాలోగాలాండ్ సీమలోనే వేగా ఉంది. ఈకలు కొలిచి కప్పంగా కట్టేంత విలువ 1,100 ఏళ్ల కిందటే ఈ తీరంలో ఉందన్నమాట. ఆ తర్వాతి శతాబ్దాల్లో ఈ తీరం వ్యాపారం ప్రధానంగా బెర్గెన్ రేవు మీదుగా సాగింది. ఎండు కాడ్ చేపల లెక్కలు చరిత్ర పుస్తకాల నిండా ఉన్నాయి. ఆ పుస్తకాల్లో నూగుకు దక్కిన చోటు చాలా చిన్నది. ఎందుకంటే చేప మగవాళ్ల పని, నూగు ఆడవాళ్ల పని. వేగాను వారసత్వ జాబితాలో చేర్చేటప్పుడు యునెస్కో ఈ లోటును గుర్తించింది. గత 1,500 ఏళ్లుగా ఇక్కడివాళ్లు నడిపిన నిలకడైన జీవనంతో పాటు, నూగు పనిలో స్త్రీల పాత్రను కూడా ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఒక ప్రాంతం గొప్పతనానికి కారణాల్లో ఆడవాళ్ల రోజువారీ పని ఒకటని అంత స్పష్టంగా చెప్పిన సందర్భాలు ఆ జాబితాలో తక్కువ.

ఇంత గట్టిగా అల్లుకున్న బతుకు మన కళ్ల ముందటి కాలంలోనే విడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేపల వేట పెద్ద మోటారు ఓడల చేతికి వెళ్లింది. చిన్న దీవులకు బడి, డాక్టరు, కరెంటు, రేవు ఇవ్వడం కష్టమని భావించిన నార్వే ప్రభుత్వం, దారి లేని దీవుల నుంచి తరలిపోయే కుటుంబాలకు ఆర్థిక సాయం ఇచ్చింది. 1950ల నుంచి 1970ల దాకా బయటి దీవులు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ అయ్యాయి. కాపలా పోయింది, ఎండు నాచు పరిచే చేయి పోయింది. అదే కాలానికి ఇంకో శత్రువు దిగింది. బొచ్చు కోటుల కోసం 1927లో నార్వేకు తెచ్చి పెంచిన అమెరికా మింక్‌లు తప్పించుకుని తీరమంతా వ్యాపించాయి. ఈదగల ఈ వేటజంతువు గూట్లోకి దూరి తల్లినీ గుడ్లనూ కలిపి పొట్టన పెట్టుకుంటుంది. ఈడర్ బాతులు చాలా దీవుల్లో మాయమయ్యాయి. లోనన్ వంటి కొన్ని చోట్ల మాత్రం పాత కుటుంబాల వారసులు ఏటా వసంతంలో తిరిగి వెళ్లి, గూళ్లు బాగుచేసి కాపలా కాస్తున్నారు. పక్షులు గణనీయంగా వచ్చి గూళ్లు కడుతున్నది అలాంటి చోట్లే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. మనిషి లేని కాలంలో కూడా ఈడర్ బాతులు ఉన్నాయి కదా, మనిషి వెళ్లిపోవడమే తగ్గుదలకు కారణమని ఎలా అంటారు? అందులో నిజముంది. ఈడర్ బాతు నార్వే అంతటా తగ్గింది. 2021 నాటి నార్వే రెడ్ లిస్టులో దాన్ని ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చారు. సముద్రంలో ఆల్చిప్పల తీరు మారడం, నీరు వేడెక్కడం, ఒకప్పుడు వేటకు బలై ఇప్పుడు చట్టరక్షణతో కోలుకున్న సముద్రపు గద్దలూ నీటికుక్కలూ పెరగడం, ఇవన్నీ కలిసి పనిచేస్తున్నాయి. కాపలా ఉన్న దీవుల్లో కూడా పూర్వపు సంఖ్యలు లేవు. కాబట్టి మనిషి తిరిగి వస్తే అంతా మునుపటిలా అవుతుందని చెప్పడం తప్పు. కానీ అభ్యంతరం చెప్పేవారు ఒక విషయం గమనించాలి. మనిషి రాక ముందు ఈ బాతులు తీరమంతా పలచగా చెదిరి గూళ్లు కట్టుకుని ఉండవచ్చు. ఒక్కో దీవి మీద వందల గూళ్లు పక్కపక్కన ఉండడం సాధ్యమైంది మాత్రం కాపలా వల్లే. మింక్‌ను తెచ్చినదీ మనిషే. ఒక చేత్తో కొత్త శత్రువును వదిలి, ఇంకో చేత్తో పాత కాపలాను తీసేసి, ఇప్పుడు ప్రకృతే చూసుకుంటుందంటే అది తటస్థత అనిపించుకోదు. పక్షికి ఉన్న ఒకే ఒక పక్షపాతిని తప్పించడం అవుతుంది.

రెండో అభ్యంతరం నీతికి సంబంధించినది. పిల్లల కోసం తల్లి తన రొమ్ము నుంచి పీకి పరిచిన నూగును అమ్ముకోవడం దోపిడీ కాదా? పూర్వం వేగాలో కూడా గూళ్ల నుంచి కొన్ని గుడ్లు తీసుకుని తినేవారు. ఆకలి కాలాల్లో ఎంత తీయాలన్న హద్దు ప్రతిసారీ పాటించి ఉంటారనీ చెప్పలేం. అందువల్ల దీన్ని మచ్చలేని స్నేహంగా చిత్రించనక్కర్లేదు. కానీ దోపిడీ అంటే ఎలా ఉంటుందో చూడాలంటే అదే నార్వే పాలనలో ఉన్న స్వాల్బార్డ్ దీవులను చూడాలి. అక్కడ స్థిర నివాసం లేని వేటగాళ్లు సీజనులో దిగి, గుడ్లూ నూగూ దొరికినంతా ఊడ్చుకెళ్లేవారు. వచ్చే ఏడు ఆ పక్షి మళ్లీ వస్తుందా రాదా అన్నది వాళ్లకు పట్టలేదు. చివరికి 1963లో అక్కడ ఈడర్‌ను పూర్తిగా రక్షిస్తూ నిషేధం పెట్టాల్సి వచ్చింది. పక్షి ఒకటే, సరుకు ఒకటే, దేశం ఒకటే. తేడా అంతా వచ్చే ఏడు కూడా అక్కడే ఉండాల్సిన మనిషికీ ఇవాళ ఊడ్చుకుని పోయే మనిషికీ మధ్య ఉంది. వేగా ఇల్లాలికి ఈ ఏటి పక్షి చనిపోతే వచ్చే ఏటి నూగు లేదు. ఆమె లాభం పక్షి క్షేమంతో ముడిపడింది. ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ వందల రైతు కుటుంబాలు ఇదే పద్ధతిలో ఈడర్ గూళ్లను కాపాడుతూ ప్రపంచ మార్కెట్‌కు ఎక్కువ భాగం నూగును అందిస్తున్నాయి. కాపలాదారుకు వాటా ఉన్న చోట జాతి నిలుస్తుందని చెప్పడానికి అది రెండో సాక్ష్యం.

మూడో అభ్యంతరం డబ్బుది. నెలల శ్రమకు దక్కేది కొద్ది కిలోల నూగు. దానితో చేసిన రజాయి కొనగలిగేది సంపన్నులే. అలాంటప్పుడు ఈ పనిని పట్టుకుని వేలాడడం బతికున్న ఊరిని మ్యూజియంగా మార్చడం కాదా? పాత బతుకును యథాతథంగా వెనక్కి తేవాలని ఎవరూ అడగడం లేదు. లోఫోటెన్‌కు తెరచాప పడవల్లో వెళ్లమని ఎవరినీ అనలేం. కానీ ఈ జ్ఞానం పుస్తకంలో దాచుకునే రకం కాదు. ఏ రోజున నాచు ఏరాలి, ఏ వైపు గాలికి ఏ ద్వారం మూయాలి, ఏ పక్షి బెదురుతుంది, గూటికి ఎంత దగ్గరగా వెళ్లవచ్చు అన్నవి ఒకరి వెంట ఒకరు నడిచి నేర్చుకోవాలి. మధ్యలో ఒక తరం ఆగితే తర్వాతి తరానికి నేర్పేవాళ్లుండరు. వారసత్వ గుర్తింపు వచ్చాక కాపలా పనికి కొంత ప్రభుత్వ సాయమూ, పర్యాటకుల రాకా తోడయ్యాయి. అదే సమయంలో పర్యాటకం మితిమీరితే బాతులకు కావాల్సిన నిశ్శబ్దమే పోతుంది. నార్వే తీరమంతా వేగంగా విస్తరించిన సాల్మన్ చేపల పెంపకం ఊళ్లకు ఉద్యోగాలిస్తుంది, లోతు తక్కువ నీళ్ల మీద ఒత్తిడీ పెంచుతుంది. ఈ లాభనష్టాల మధ్య తూకం వేగా వాళ్లే వేసుకోవాలి. అయితే ఆ తూకంలో నూగు విలువను కిలో ధరతో మాత్రమే లెక్కగడితే పొరపాటే. అది ఒక జాతిని కాపాడడానికి అయ్యే ఖర్చును పాక్షికంగా తానే తీర్చుకునే ఏర్పాటు.

ఈ వాదన అంతటికీ సారాంశం ఇది. వేగాలో ఈడర్ బాతును రక్షించడమంటే సముద్రం మధ్య ఒక గీత గీసి లోపలికి ఎవరూ రావద్దని బోర్డు పెట్టడం కాదు. వసంతం నాటికి ఆ చిన్న దీవికి చేరగల మనిషి ఉండాలి. ఆ మనిషి పెద్ద దీవి మీద కాపురం ఉండగలగాలి. అందుకు ఏడాది పొడుగునా నడిచే ఫెర్రీ, పిల్లలకు బడి, ముసలివాళ్లకు వైద్యం, యువతకు పని ఉండాలి. 1950ల్లో అవి ఇవ్వలేమని తరలిపోవడానికి డబ్బిచ్చినప్పుడు, అది మనుషుల విషయంలో తీసుకున్న నిర్ణయమని మాత్రమే అనుకున్నారు. పక్షుల విషయంలో కూడా తీసుకున్న నిర్ణయమని తర్వాత తెలిసింది. మనిషిని తీసేస్తే బాగుపడే ప్రకృతి ఉంది, దానికి కంచె కావాలి. మనిషి నిలబెట్టిన ప్రకృతీ ఉంది, దానికి ఆ మనిషే కావాలి. ఏది ఏదో తేల్చుకోకుండా అన్నిటికీ ఒకే కంచె వేస్తే, కాపాడుతున్నామనుకుంటూనే పోగొట్టుకుంటాం. కాబట్టి వేగా లాంటి చోట చివరి ఇంటికి తాళం పడకుండా చూడడాన్ని పక్షి సంరక్షణ పద్దులోనే రాయాలి, అందుకు డబ్బు కూడా ఆ పద్దు నుంచే ఇవ్వాలి.